మూడు బారల పడవ

మా బావమరిది పోయిన వారం ఒక ఎక్సెల్ షీటు పంపించాడు. పదకొండు కయాక్‌లు, అంటే ఒక్క మనిషి కూర్చుని గాలం వేసుకునే సన్నటి చిన్న పడవలు, ఒక్కోదానికి ఇరవై రెండు వివరాలు. రాడ్లు (గాలం కర్రలు) నిలబెట్టే హోల్డర్లు ఎన్ని, నీళ్ళ కింద చేపల్ని చూపించే ఫిష్ ఫైండర్ బిగించే చోటుందా, సీటు ఎంత వెనక్కి వాలుతుంది, నిలబడి గాలం వెయ్యొచ్చా, కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ ఉందా, చుక్కాని ఉందా, సీసా పెట్టుకునే గుంట ఉందా. నచ్చినవాటికి ఆకుపచ్చ, నచ్చనివాటికి ఎరుపు. కింద ఒక మెసేజి: "బావా, ఏది కొనమంటావ్? రెండ్రోజుల్లో చెప్పు, ఆఫర్ అయిపోతుంది."

షీటంతా రెండుసార్లు చూశాను. బరువు అనే గడి ఎక్కడా లేదు.

ఫోన్ చేసి అడిగితే, "బరువుదేముంది బావా, తేలేదే కదా" అన్నాడు.

నాలుగేళ్ళ కిందట నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. అందుకే ఆ ఫోన్లో చెప్పాల్సిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. మొదటి ఫిషింగ్ కయాక్‌ని నీళ్ళ మీద ఊహించుకుని కొనకూడదు, నేల మీద ఊహించుకుని కొనాలి. అది ఎక్కడ ఉంటుంది? కారు మీదికి ఎలా ఎక్కుతుంది? కారు దగ్గర్నుంచి నీళ్ళదాకా ఎలా వెళ్తుంది? ఐదు గంటలు తెడ్డు వేసి చేతులు పడిపోయాక మళ్ళీ కారు మీదికి ఎలా వస్తుంది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన పడవల్లోంచే చేపల సంగతి చూసుకోవాలి. రాడ్ల విషయంలో కూడా నాది ఇలాంటి పిసినారి అభిప్రాయమే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కందిరీగలు కాపురం పెట్టిన పడవ

నా మొదటిది పెడల్ కయాక్. 12 అడుగుల పైచిలుకు పొడవు, 36 అంగుళాల వెడల్పు, సీటూ పెడల్ యూనిట్టూ బిగిస్తే 50 కిలోలకి కాస్త అటూ ఇటూ. వీడియోలో ఒకాయన దాని మీద నిలబడి గుండ్రంగా తిరిగి చూపించాడు. ఆయన పడలేదు గానీ సోఫాలో కూర్చున్న నేను పడిపోయాను.

కొన్నాక మొదటి ఆదివారం, చీకటితోనే వెళ్ళాను. కారు ఆపిన చోటి నుంచి నీళ్ళకి వంద గజాలు కూడా ఉండదు. పడవ కింద పెట్టుకునే రెండు చక్రాల బండి ముందే కొని ఉంచుకున్నాను కాబట్టి ధీమాగానే ఉన్నాను. కంకర ఉన్నంతసేపూ బాగానే నడిచింది. తర్వాత తడి మట్టి మొదలైంది. సన్నటి చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. అక్కణ్ణించి అవి తిరగడం మానేసి నాగలి కర్రుల్లా చాళ్ళు తీస్తూ వచ్చాయి. ముందుకొచ్చి ఒక అడుగు లాగడం, వెనక్కెళ్ళి ఒక అడుగు తొయ్యడం. పడవ నీళ్ళలో తేలేసరికి పొద్దెక్కింది, చేపలు మేతకి ఒడ్డు దగ్గరికొచ్చే వేళ కాస్తా దాటిపోయింది.

అసలు కష్టం తిరిగొచ్చేటప్పుడు. దిగేటప్పుడు పల్లం, ఎక్కేటప్పుడు మెరక. అటుగా నడకకొచ్చిన ఇద్దర్ని బతిమాలి కారు మీదికి ఎక్కించాను. ఎక్కిస్తుంటే టాప్ మీద మూరెడు గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు, మెల్లమెల్లగా జరిగింది. తోడు దొరికిన రోజే వెళ్దాం అనుకున్నాను. తోడొచ్చే మనిషికి కుదరాలి, నాకు కుదరాలి, గాలి లేకుండా ఉండాలి. ఆ మూడూ కలిసిన రోజులు మొదటి ఏడాదిలో ఆరు. ఒకరోజు టార్పాలిన్ తీస్తే వెనకవైపు రాడ్ హోల్డర్ గొట్టంలో కందిరీగలు గూడు పెట్టి ఉన్నాయి. ఆ పడవని నాకంటే అవే ఎక్కువ వాడుకున్నాయి.

దాన్ని అమ్మేసి 10 అడుగుల మామూలు తెడ్డు కయాక్ కొన్నాను, 24 కిలోలది. సిట్-ఆన్-టాప్ రకమే. పైన కూర్చోవడమే తప్ప లోపల దూరేది ఉండదు, మీద పడ్డ నీళ్ళు అడుగున ఉన్న చిల్లుల్లోంచి వాటంతటవే పోతాయి. ఒక సీటు, రెండు హోల్డర్లు, అంతే. దీన్ని పక్కన చంకలో ఇరికించుకుని ఒక్కణ్ణే మోయగలను. మొదటి నెలన్నరలోనే పాత పడవతో ఏడాదంతా వెళ్ళినదానికన్నా ఎక్కువసార్లు వెళ్ళాను. చేపలు పట్టడం నేర్చుకున్నది కూడా అప్పుడే. గాలం వేసిన గంటలే నేర్పుతాయి గానీ పడవకున్న హంగులు నేర్పవు కదా.

ఒంటి కొలతల పడవ

కయాక్ పుట్టిందే వేటకి. ఆర్కిటిక్, దాని చుట్టుపక్కల తీరాల్లో ఇన్యూట్లు, అల్యూట్లు అనే జనం కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, పైన సీల్ లాంటి సముద్ర జంతువుల చర్మం బిగించి చేసుకున్న పడవ అది. వాళ్ళ దగ్గర చెలామణిలో ఉన్న కొలతలు చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. పొడవు దాదాపు మూడు బారలు. కూర్చునే చోట వెడల్పు తుంట్ల మీద ఇంకో రెండు పిడికిళ్ళు. లోతు ఒక పిడికిలి, దాని మీద చాచిన బొటనవేలు. బార మనకీ తెలిసిన కొలతే. ఎవరి బార వాళ్ళదే, ఎవరి పిడికిలి వాళ్ళదే. వేటగాడు దాన్ని ఒక్కడే మంచు మీద మోసుకెళ్ళి నీళ్ళలో దించాలి, ఒక్కడే వెనక్కి తెచ్చుకోవాలి. మనిషి ఒంటికి కుదరని పడవ అక్కడ పనికొచ్చేది కాదు.

ఇప్పుడు కంపెనీలు పాలిథిలీన్ పొడిని పెద్ద మూసల్లో తిప్పుతూ కాల్చి పడవలు పోస్తున్నాయి. అదంతా మంచిదే, రాయికి తగిలినా పగలదు. కానీ కొలత మాత్రం మన ఒళ్ళు వదిలేసి కేటలాగుకి వెళ్ళిపోయింది. 10 అడుగుల సాదా రకం 22 నుంచి 30 కిలోలుంటుంది. ఫ్రేము సీటు, సామాను బిగించే పట్టాలు, మూతల పెట్టెలు చేరితే 35, 40 దాటుతుంది. పెడల్ చేరితే 50 కూడా దాటొచ్చు. కేటలాగులో బరువు ఎక్కడో అడుగున, ఉత్త పడవది మాత్రమే రాస్తారు. సీటు విడిగా, పెడల్ విడిగా. ఆ మూడూ కలిపి మీరే కూడుకోవాలి.

ఇంకో అంకె కూడా అక్కడే ఉంటుంది, ఎంత బరువు మోస్తుందన్నది. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కకడుతుంది కాబట్టి, రాసినదాంట్లో మూడింట రెండొంతులే నాది అనుకుంటాను. 150 కిలోలని ఉంటే నేనూ, నా సామానూ, లంగరూ, తాగే నీళ్ళూ కలిపి 100 దాటకూడదు. దాటితే మునగదు గానీ, అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు పైకొచ్చి రోజంతా తడి సీటులో కూర్చోవాల్సొస్తుంది. లావుపాటి మనిషికి 10 అడుగుల పడవ చాలకపోవచ్చు. అలాంటప్పుడు నా 24 కిలోల సలహా పనికిరాదు, 12 అడుగులది తీసుకుని మోసే సంగతి వేరేగా ఆలోచించుకోవాలి.

అవతలివాళ్ళ మాటా వినాలి

పెడల్ వాడేవాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. 1997లో హోబీ కంపెనీ మిరాజ్ డ్రైవ్ అనే పెడల్ యంత్రం తెచ్చినప్పటి నుంచీ కాళ్ళతో నడిపే కయాక్‌లకి ఉన్న గొప్ప లాభం ఒకటే: చేతులు ఖాళీగా ఉంటాయి. గాలం వేసేవాడికి అంతకంటే ఏం కావాలి? తెడ్డు పడవలో గాలి తోస్తుంటే, ఒక్కసారి ఎర విసిరి లాగేలోపు పడవ ఇరవై అడుగులు పక్కకి జారిపోతుంది. రాడ్ కింద పెట్టి, తెడ్డు తీసి, రెండు దెబ్బలు వేసి, తెడ్డు పెట్టి, మళ్ళీ రాడ్ తీసుకోవాలి. గాలి రోజుల్లో నేను సగం పూట ఈ కసరత్తే చేస్తాను. భుజాల నొప్పులున్నవాళ్ళకి పెడల్ సౌకర్యం కాదు, అవసరం.

"చవకది కొంటే రెండోసారి కొనాల్సొస్తుంది" అన్న వాదన కూడా ఉంది. నేనూ రెండుసార్లు కొన్నాను, కాకపోతే ఖరీదైనది కొని. మొదటి పడవ మీద ఏడాది గడిపితే తప్ప మనకి ఏ రకం నీళ్ళు ఇష్టమో, నిలబడి విసరడం ఇష్టమో కూర్చుని ఈడ్వడం ఇష్టమో తెలియదు. తెలియకముందే ఇరవై రెండు గడులు నింపి కొనే పడవ వేరే ఎవరికో కొన్నట్టే.

నా పడవ లోపాలు దాచను. పొట్టిది కాబట్టి తిన్నగా పోదు, ప్రతి తెడ్డు దెబ్బకీ ముక్కు అటూ ఇటూ ఊగుతుంది. దాని మీద నిలబడ్డం నాకు ఇప్పటికీ రాలేదు. ఒకసారి గాలి వెనకనుంచి తోస్తుంటే నా అంతటి తెడ్డువాడు లేడనుకుంటూ చాలా దూరం పోయాను. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. వెళ్ళడానికి అరగంట, రావడానికి రెండు గంటల పైన. మధ్యలో చెయ్యి ఆపితే వెనక్కి పోతున్నాను. అప్పటినుంచీ వెళ్ళేటప్పుడే గాలికి ఎదురు వెళ్తాను, అలసిపోయాక అదే ఇంటికి తోస్తుంది.

తెడ్డు గురించి ఒక మాట. పడవకి తోడు ఉచితంగా వచ్చిన అల్యూమినియం తెడ్డుని అటక మీద పెట్టేయండి. నిమిషానికి నలభై దెబ్బలు వేసినా గంటకి 2,400 సార్లు దాన్ని ఎత్తి దించుతాం. పావుకిలో తేడా సాయంత్రానికి భుజాల్లో తెలుస్తుంది. 32 అంగుళాలకి మించిన వెడల్పు పడవల్లో కాస్త ఎత్తు సీటు మీద కూర్చుంటే 240 సెంటీమీటర్ల తెడ్డు కావాలి, పొట్టి తెడ్డయితే వేళ్ళు పడవ అంచుకి కొట్టుకుంటాయి. రాడ్ల మీద పెట్టే డబ్బులు ఇక్కడ పెట్టమంటాను.

ఒడ్డునే ఒకసారి పడాలి

కొనే ముందు వీలైతే, కొన్నాకైతే తప్పనిసరిగా, నడుం లోతు నీళ్ళలో కావాలని తిరగబడి చూడాలి. తోడుగా ఒక మనిషి ఉండాలి. నేను ఈ పరీక్ష పాత పడవతో చెయ్యలేదు. కొత్తదాంతో చేస్తే గానీ ఎంత అదృష్టవంతుణ్ణో తెలియలేదు.

పడ్డం క్షణం పని. పడవ బోర్లా పడి ఉంది, అడుగు పైకి తేలి, తడికి జారుడుగా. అవతలి అంచు అందుకుని, మోకాలు ఇవతల ఆనించి వెనక్కి వాలితే తిరగబడింది. 24 కిలోలది కాబట్టి తిరగబడింది. ఇక ఎక్కాలి. అంచు పట్టుకుని గోడెక్కినట్టు ఎక్కబోతే కాళ్ళు పడవ కిందకి పోయాయి, పడవ నా మీదికి వచ్చింది. మూడుసార్లు ఇదే. గట్టు మీదున్న మా ఫ్రెండు, "ముందు కాళ్ళు పైకి తేలనీరా" అని అరిచాడు. నిజమే, ముందు ఈత కొడుతున్నట్టు కాళ్ళాడిస్తూ ఒంటిని నీళ్ళకి సమంగా తేవాలి, అప్పుడు ఒక్క ఊపులో పొట్టని పడవకి అడ్డంగా జార్చుకోవాలి. ఆ ఊపులో లైఫ్ జాకెట్ జేబులో పెట్టిన పట్టకారు అంచుకి తగులుకుని నన్ను మళ్ళీ కిందకి లాగింది. జేబు ఖాళీ చేశాక ఐదోసారికి పొట్ట పడింది. ఆ తర్వాత వెల్లకిలా దొర్లి, పిరుదులు సీటులో పెట్టి, చివరికి కాళ్ళు. అంతా అయ్యాక లేచి కూర్చోడానికి కూడా ఓపిక లేదు.

ఇది ఎండ రోజున, వెచ్చటి నీళ్ళలో, నడుం లోతులో. నీళ్ళు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే పడగానే ఊపిరి మన చేతిలో ఉండదు, ఒక్కసారిగా ఎగశ్వాస వస్తుంది. అప్పుడు లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉంటేనే పని, సీటు వెనక ఉంటే లేనట్టే. కూర్చుని గాలం వేసేవాళ్ళ కోసం వెనకవైపు మందం పైన మాత్రమే ఉండే రకం వస్తుంది, సీటుకి ఒత్తుకోదు కాబట్టి తీసేయాలనిపించదు. పడవ ఎంత వెడల్పు ఉన్నా బోల్తా పడేది పడుతుంది. నేను ఒకసారి వెనక ఉండే డ్రెయిన్ ప్లగ్ (డొల్లలో చేరిన నీళ్ళు ఒంపే చిల్లుకి పెట్టే బిరడా) బిగించడం మర్చిపోయాను. డొల్లలోకి చేరిన నీళ్ళు పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి ఇంకా ఒరగదీస్తాయి. నిక్షేపంలా ఉన్న పడవ పావుగంటలో తాగినవాడిలా నడిచింది. కాబట్టి "ఇది బోల్తా పడదు" అని అమ్మేవాళ్ళు చెప్తే, "పడితే నేను ఎక్కగలనా?" అని అడగండి.

ఒక్క రాడ్

మొదటి సెటప్ అంటే నా దృష్టిలో ఒక రాడ్, ఒక రీల్. 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల లోపు, మీడియం పవర్ (మధ్యరకం గట్టిదనం), కొన మాత్రం చురుగ్గా వంగే స్పిన్నింగ్ రాడ్. దానికి 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీల్, అంటే విసిరేటప్పుడు దారం చుట్టిన స్పూల్ తిరగకుండా దారం మాత్రం జారిపోయే రకం. 10 నుంచి 15 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన గాలం దారం, అదే లైన్), చివర రెండు మూడు అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (గాలానికి ముందు కట్టే వేరే రకం దారం ముక్క). మంచినీళ్ళలో మామూలుగా తగిలే చేపల్లో ముప్పాతిక భాగానికి ఇది చాలు.

ఒడ్డు మీద బాగున్న రాడ్ కయాక్‌లో ఎందుకు బాగోదో కూర్చుంటే గానీ తెలియదు. పిడి పొడుగ్గా ఉంటే విసిరిన ప్రతిసారీ లైఫ్ జాకెట్‌కి తగులుతుంది. మరీ పొట్టి రాడ్ అయితే చేప పడవ కింద నుంచి అవతలికి దూరినప్పుడు కొనని ముక్కు దాటించి అటువైపు తిప్పలేం, లైన్ అడుగుకి రాసుకుని తెగుతుంది. మరీ పొడుగైతే చేపని చేతికందేంత దగ్గరికి తెచ్చుకోలేం. ఏడడుగులు ఈ మూడింటికీ మధ్య రాజీ.

లావు చేపకి లావు సామాను కావాలని అంటారు. ఒడ్డు కదలదు, కయాక్ కదులుతుంది. కాస్త పెద్ద చేప పడితే పడవని బండిలా లాక్కుపోతుంది, ఆ లాగుడంతా దానికి శిక్షే. అందుకే ఒడ్డున తెగిపోయే లైన్ ఇక్కడ నిలబడుతుంది. డ్రాగ్‌ని, అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ వదిలే రీల్ బిగింపుని, లైన్ బలంలో పావు వంతు దగ్గర పెట్టి వదిలేస్తాను. బిగించి పెడితే చేప పక్కకి గుంజినప్పుడు లైన్ బదులు నేను ఒరుగుతాను.

నేను మొదట తీసుకెళ్ళినవి నాలుగు రాడ్లు. రెండు వెనక హోల్డర్లలో నిలువుగా యాంటెన్నాల్లా. ఒడ్డున ఉన్న చెట్టు కొమ్మ కిందుగా జారుతుంటే వెనక ఏదో పట్టుకున్నట్టయింది, తిరిగి చూసేసరికి ఒక రాడ్ కొమ్మల్లో ఉంది, నేను ముందుకొచ్చేశాను. మూడోది బెయిట్‌కాస్టర్, అంటే విసిరినప్పుడు స్పూలే తిరుగుతూ లైన్ వదిలే రీల్‌ది. దాని సంగతి చెప్పాలంటే, విసిరిన ఎర గాలికి నెమ్మదించినా స్పూల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ లైన్‌ని గూడులా చిందరవందర చేస్తుంది. ఒడ్డు మీదైతే కూర్చుని విప్పుకుంటాం. నేను గోటితో ఒక్కో పోగూ లాగుతూ తల ఎత్తేసరికి పడవ తుంగలో అడ్డంగా దూరి ఉంది, రాడ్ కొన ఒకవైపు, తెడ్డు ఒకవైపు. బెయిట్‌కాస్టర్ చెడ్డదని కాదు, గురి దానికే ఎక్కువ. ఒడ్డు మీద అలవాటయ్యాక తీసుకెళ్ళండి.

ఇంకా ఏమన్నా కొనాలనిపిస్తే పట్టకారు, చిన్న వల, మొన వెనకుండే ఎదురుముళ్ళు నొక్కేసిన గాలాలు. ఒళ్ళో మూడు మొనల గాలంతో ఎగిరే చేపని పెట్టుకుని చూస్తే ముళ్ళు ఎందుకు నొక్కమన్నానో తెలుస్తుంది.

షీటుకి ఇరవై మూడో గడి

ఇదంతా మా బావమరిదికి ఫోన్లో ఓ గంట చెప్పాను. బరువు అని ఒక గడి పెట్టు, మూట కట్టి 30 కిలోలు భుజాన పెట్టుకుని మీ గేటు దాకా నడిచి చూడు అన్నాను. అంతా ఓపిగ్గా విన్నాడు. "సరే గానీ బావా, నాకు మోసే పని లేదు" అన్నాడు.

వాళ్ళ ఆఫీసులో ఒకాయనకి నీళ్ళ ఒడ్డునే షెడ్డుందట. పడవ అక్కడే పెట్టుకోమన్నాడట. షెడ్డు తలుపు నుంచి నీళ్ళకి సిమెంటు వాలు, ఇరవై అడుగులు. చక్రాల మీద దించడం, తాడేసి లాక్కోవడం. కారు ఎక్కించే ప్రసక్తే లేదు. పైగా వాడికి కుడి భుజం ఎప్పటినుంచో సరిగా లేదు.

నా నాలుగు ప్రశ్నలూ వరసగా వేసుకుని చూశాను. పెడల్ పడవే వస్తోంది, షీటులో ఆకుపచ్చ రంగేసినదే. "నీకు అదే సరైనది, కొనుక్కో" అనాల్సి వచ్చింది.

"ఎక్కడ పెడతావురా అని మొదటే అడగొచ్చుగా" అన్నాడు.

అడగొచ్చు. షెడ్డాయన ఖాళీ చెయ్యమంటే ఏం చేస్తావ్ అనబోయి, భుజం గుర్తొచ్చి ఊరుకున్నాను. కనీసం రెండో విషయమైనా విన్నాడేమోనని, రాడ్లు ఎన్ని ఆర్డర్ చేశావని అడిగాను. కాసేపు మాట లేదు.

"నాది ఒకటే బావా. మిగతా రెండూ మీ చెల్లెలికి."

మా చెల్లెలికి నీళ్ళంటే భయం.